టర్బో నట్లకు డిజిటల్ టార్క్ రెంచ్: స్క్రీన్ మీద నంబర్‌ను ఎంతవరకు నమ్మొచ్చు?

డిజిటల్ టార్క్ రెంచ్ కూడా గ్యాడ్జెట్టే. స్క్రీన్, బీప్, ఎల్ఈడీ అన్నీ ఉంటాయి. చక్రాల నట్లకైతే బాక్సులోంచి తీసి నేరుగా వాడేయొచ్చు. టర్బో, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ దగ్గర మాత్రం స్క్రీన్ మీద 25.0 అని వచ్చినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. ఎందుకో చూద్దాం.

నట్టు బిగిస్తే స్టడ్ కొద్దిగా సాగుతుంది. సాగిన స్టడ్ స్ప్రింగులా వెనక్కి లాగుతూ రెండు భాగాల్నీ కలిపి నొక్కి పడుతుంది. మనకు కావాల్సింది ఆ నొక్కుడు. రెంచ్ కొలిచేది మాత్రం మనం తిప్పిన బలాన్ని. అందులో సుమారు సగం నట్టు అడుగున రాపిడికే పోతుంది, మరో 40 శాతం మరల మధ్య రాపిడికి. స్టడ్‌ను సాగదీయడానికి మిగిలేది ఏ 10 శాతమో. అందుకే మరల్లో తుప్పు, మసి ఉంటే రెంచ్ 25 చూపించి బీప్ కొడుతుంది, జాయింట్ మాత్రం వదులుగానే ఉంటుంది. ఆయిలో, యాంటీ సీజ్ పేస్టో పూస్తే కథ రివర్స్: అదే 25కి స్టడ్ మోతాదు మించి సాగుతుంది. సర్వీస్ మాన్యువల్‌లో ఇచ్చిన నంబర్ పొడి మరలకా, పేస్ట్ పూసిన మరలకా అన్నది ముందు చూడండి. రెంచ్ తేడా 2 శాతమా 4 శాతమా అని వాదించుకోవడం కంటే మామూలు వైర్ బ్రష్‌తో మరలు శుభ్రం చేయడమే ముఖ్యం అంటాను నేను.

ఇక వేడి. ఫోన్ 45 డిగ్రీలు దాటితే గగ్గోలు పెడతాం. పెట్రోల్ టర్బోలోకి వెళ్లే పొగ ఫుల్ లోడ్‌లో 900 డిగ్రీలు దాటుతుంది. 40 సెంటీమీటర్ల పోత ఇనుము మ్యానిఫోల్డ్ 500 డిగ్రీలు వేడెక్కితే 2 మిల్లీమీటర్లకు పైగా పెరుగుతుంది. దాన్ని పట్టుకున్న అల్యూమినియం హెడ్‌ను కూలెంట్ 100 డిగ్రీల చుట్టుపక్కలే ఉంచుతుంది కాబట్టి అది ఒక మిల్లీమీటరు కూడా పెరగదు. అంటే ఇంజిన్ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ మ్యానిఫోల్డ్ హెడ్ మీద జరుగుతూ ఉంటుంది. ఎక్కువ జరిగేది చివర్ల దగ్గర, విరిగే స్టడ్లు కూడా ఎక్కువగా అక్కడివే. "గట్టిగా ఉండాలి" అని పానాకు పైపు తొడిగి బిగిస్తే, అప్పటికే హద్దు దాకా సాగిన స్టడ్‌కు ఈ లాగుడు తోడవుతుంది.

బిగించే పని ఇంజిన్ పూర్తిగా చల్లారాకే. గ్యాస్కెట్ కొత్తది వేయాలి, లాక్ నట్లు కూడా కొత్తవే. ఒకసారి విప్పిన లాక్ నట్టుకు పట్టు తగ్గుతుంది. నైలాన్ రింగ్ నట్లు ఇక్కడ అస్సలు వద్దు, కరిగిపోతాయి. ముందు నట్లన్నీ గ్యాస్కెట్ ఆనేదాకా తేలిగ్గా తిప్పండి. తర్వాత మధ్య నుంచి చివర్లకు వెళ్తూ, 25 కావాలంటే 10, 18, 25 అని మూడు విడతల్లో బిగించండి. టర్బో ఫ్లాంజ్‌కైతే ఎదురెదురు నట్లు. చివర్లో ఫుల్ టార్క్‌తో ఇంకో రౌండ్ వేయాలి, గ్యాస్కెట్ అణిగేసరికి మొదట బిగించినవి వదులవుతాయి. 25 అన్నది ఉదాహరణే, మీ బండి నంబర్ మాన్యువల్‌లోదే.

కొనేవాళ్లు రేంజ్ చూసుకోండి. 40 నుంచి 200 న్యూటన్ మీటర్ల హాఫ్ ఇంచ్ అడాప్టర్ ఈ చిన్న నట్లకు పనికిరాదు. 10 నుంచి 60 వరకు కొలిచే చిన్న రెంచ్ తీసుకోండి. టర్బో వెనక సాకెట్ పట్టకపోతే క్రో ఫుట్ వాడాల్సి వస్తుంది. దాన్ని రెంచ్‌కు 90 డిగ్రీల్లో పెడితే రీడింగ్ మారదు. నేరుగా ముందుకు పెడితే మాత్రం నట్టు మీద పడే టార్క్ స్క్రీన్ చూపించేదానికంటే ఎక్కువ.

సరిగ్గా బిగియకపోతే చల్లటి స్టార్ట్‌లో టిక్ టిక్ శబ్దం, ఫ్లాంజ్ పక్కన నల్లటి మసి చార కనిపిస్తాయి. పికప్ కూడా తగ్గుతుంది. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు: ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, క్యాబిన్‌లోకి వచ్చినా తెలియదు.

డిజిటల్ రెంచ్‌కు నేను నిజంగా మార్కులు వేసేది ఒక్క విషయంలో. నట్టు తిరుగుతూనే ఉండి నంబర్ మాత్రం పెరగడం ఆగిపోతే, స్టడ్ శాశ్వతంగా సాగుతోందనో మరలు పోతున్నాయనో అర్థం. క్లిక్ రెంచ్ అయితే క్లిక్ కోసం మనం తిప్పుతూనే ఉంటాం. అక్కడే ఆపి, నట్టు విప్పి, స్టడ్ మార్చండి. హెడ్‌లో విరిగితే డ్రిల్ వేసి తీయించాల్సి వస్తుంది.