పాత జీపు ట్యాంకు కారుతోంది: అతుకు వేయించాలా, మార్చాలా?

పాడేరు, అరకు దారుల్లో తిరిగే పాత విల్లీస్ తరహా జీపుల్లో ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది. కారితే ముందుగా వాసన తగిలేది అతనికే. రాయి తగిలిందేమో అనుకుంటాడు. చాలాసార్లు తప్పు రాయిది కాదు. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చలికి గాలిలోని తేమ బొట్లుకట్టి జారుతుంది. నీరు డీజిలుకన్నా బరువు, అడుగునే కూర్చుని రేకును తినేస్తుంది. బయట పట్టీల కింద చేరిన బురదదీ అదే పని.

అసలు కారేది ట్యాంకేనా? ఫుల్ చేయించిన రోజే వాసన వచ్చి తర్వాత తగ్గితే ఫిల్లర్ పైపునో, గేజి వాషరునో అనుమానించండి. రోజూ తడి ఉంటే అడుగుభాగం చూడాలి. బట్టతో పొడిగా తుడిచి ముగ్గుపిండి అద్దండి. ముందు తడిసేచోటే బెజ్జం. డ్రెయిన్ బోల్టు దగ్గరైతే అదృష్టవంతులు, వాషరుతో పోతుంది.

దారి మధ్యలో అయితే బట్టల సబ్బు ముక్కను బెజ్జం మీద గట్టిగా రుద్దండి. సబ్బు నీళ్లలో కరుగుతుంది గానీ డీజిల్లో కరగదు. ఇది షెడ్డు చేరేదాకానే.

షెడ్డులోనే అసలు ప్రమాదం. ఖాళీ ట్యాంకు కదా, భయమేమిటంటారు. మండేది ఆవిరి. నిండు ట్యాంకులో దానికి చోటుండదు, ఖాళీ ట్యాంకులో గాలితో కలిసి నిండి ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలిలో నూటికి సుమారు 1.5 నుంచి 7.5 పాళ్లుంటే ఒక్క రవ్వ చాలు. డీజిలు మామూలు ఎండకు అంత ఆవిరి వదలదు నిజమే. కానీ వెల్డింగ్ మంట తగిలితే గోడకు పట్టిన జిడ్డు కూడా ఆవిరవుతుంది. ‘డీజిలే కదా’ అనే మెకానిక్ దగ్గర్నుంచి ట్యాంకు వెనక్కి తెచ్చుకోండి. తెలిసినవాడు దాన్ని దించి, సోడా కలిపిన వేడినీళ్లతో పదేపదే కడిగి, బెజ్జం పైకి తిప్పి, దాని కిందిదాకా నీళ్లు నింపి, ఆవిరి పోయే దారి తెరిచే ఉంచి బ్రేజింగ్ చేస్తాడు. ఇది ఇంట్లో చేసుకునే పని కాదు.

అతుకు ఎప్పుడు దండగ? స్క్రూడ్రైవరు పిడితో అడుగంతా తట్టండి. ఖంగుమంటే రేకు బతికున్నట్టే. మొద్దుగా మోగినా, సొట్టపడినా కొత్తది కొనండి. ఒకటి పూడిస్తే పక్కన ఇంకోటి తేలుతుంది. రెండో అతుకుకు నేనైతే రూపాయి పెట్టను. కొత్త బళ్ల ప్లాస్టిక్ ట్యాంకు పగిలితే ఈ మీమాంసే లేదు. ఎంసీల్ లాంటి ముద్ద దానికి పట్టదు, మార్చాల్సిందే.

బిగించేముందు బ్యాటరీ తీగ విప్పండి. పట్టీల కింద గోనెగుడ్డ వద్దు, నీరు పీల్చుకుంటుంది, రబ్బరు వేయండి. ఫిల్టరు మార్చి, లైనులో గాలి తీయించండి. లేకపోతే ఇంజన్ అందుకోదు. మొదట ఐదు లీటర్లే పోసి, రాత్రికి కింద అట్టముక్క పరచండి. పొద్దున అట్ట పొడిగా ఉంటేనే ఫుల్ చేయించండి.