విత్తిన చోటే సోయకూర

కొత్తిమీర ఒకరోజు ఆగుతుందేమో గానీ సోయకూర ఆగదు. పొద్దున కోసిన కట్ట సాయంత్రానికల్లా తల వాల్చేస్తుంది. దారాల్లాంటి ఆ సన్నని ఆకుకు ఎండా పడదు, గాలీ పడదు. అందుకే ఇది ఎప్పుడూ ఊరికి దగ్గరి పొలాల పంటే. హైదరాబాద్‌కు ఆ దగ్గరి పొలాల్లో మొయినాబాద్, చేవెళ్లవి ముఖ్యమైనవి. మర్రిచెట్ల నీడన సాగే వికారాబాద్ రోడ్డు మీదుగా ఆకుకూరలు, పూలు నగరానికి చేరడం ఏళ్లనాటి అలవాటు.

ఆ మడులు ఇన్నాళ్లు నిలవడంలో 111 జీవో పాత్ర తక్కువేం కాదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడేందుకు 1996లో వచ్చిన ఆ ఉత్తర్వు, చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కట్టడాలకు పగ్గం వేసింది. ఈ రెండు మండలాల్లోని ఊళ్లు కొన్ని ఆ జాబితాలో ఉన్నాయి. 2022లో 69 జీవోతో పగ్గం సడలింది. మడులున్న చోట ప్లాట్ల రాళ్లు పాతితే ఆకుకూర ఇంకా దూరం నుంచి రావాలి. గోంగూర ఆ ప్రయాణాన్ని తట్టుకుంటుంది. సోయకూర తట్టుకోదు. దాని రుచి మరిగినవాళ్లు పెరట్లో చారెడు జాగా చూసుకోక తప్పదు!

అన్నట్టు, దీనికీ సోయాచిక్కుడుకూ చుట్టరికం లేదు. ఇది కొత్తిమీర, జీలకర్ర, వాము, సోంపుల కుటుంబం. సంస్కృతంలో శతపుష్ప, కన్నడిగులకు సబ్బసిగె, మరాఠీలకు శేపు. పెసరపప్పులో వేసి వెల్లుల్లి తాలింపు పెడితే జొన్నరొట్టెకు ఇంకేం అక్కర్లేదు. హైదరాబాదీ వంటిళ్లలో కీమాకూ ఇదే జత. 1851లో ఇంగ్లండ్‌లో విలియం వుడ్‌వర్డ్ తయారుచేసిన గ్రైప్ వాటర్‌లోనూ ఈ గింజల నూనె ఉండేది.

ఇక పెంపకం. వంగ, టమాటాల్లా నారు పోసి నాటుదామనుకుంటే పని చెడుతుంది. దీని తల్లివేరు సన్నగా, నిటారుగా లోతుకు దిగుతుంది. పీకి వేరేచోట పెడితే ఆ వేరు దెబ్బతిని మొక్క వాడిపోతుంది, బతికినా ఆకు వేయకుండా పూతకు తొందరపడుతుంది. ఎక్కడ పెరగాలో అక్కడే విత్తాలి. కుండీ అయితే అడుగు లోతు ఉండాలి, రోజూ ఐదారు గంటల ఎండ తగలాలి.

దసరా దాటి వానలు వెనకబట్టాక మొదలుపెట్టండి. ధనియాల్లా గింజను నలిపి రెండు చేయనక్కర్లేదు. బాగా చివికిన పశువుల ఎరువు కలిపిన మట్టి మీద చల్లి, అర సెంటీమీటరుకు మించకుండా సన్నటి మట్టి కప్పితే చాలు. లోతుగా పడితే మొలక పైకి రాదు. చెంబుతో నీళ్లు గుమ్మరించారో, గింజలన్నీ ఓ మూలకు కొట్టుకుపోతాయి. చేత్తో చిలకరించడమే మేలు. వారం నుంచి రెండు వారాల్లో మొలకలు కనిపిస్తాయి. ఈలోగా మట్టి ఎండకూడదు, బురదా కాకూడదు.

మొలకలు వత్తుగా వస్తే జానెడుకొకటి ఉంచి మిగతావి పీకేయండి. పారేయకండి, అవీ పప్పులోకే! ఆరేడు వారాలకు కోతకొస్తుంది. చుట్టూ ఉన్న పెద్ద రెమ్మలు తుంచుతూ నడిమి మొగ్గను వదిలేస్తే ఇంకొన్ని కోతలు దక్కుతాయి. పదిహేను రోజులకో పిడికెడు గింజలు చల్లుతూ పోతే సంక్రాంతి దాటేదాకా ఆకు ఉంటుంది. పేనుబంక పడితే వేపనూనె కలిపిన నీళ్లు చల్లి, వారం ఆగి కోసుకోవాలి.

ఎండ ముదిరేకొద్దీ ఆకు ఆగిపోయి పసుపు పూల గొడుగులు లేస్తాయి. అన్నింటినీ పీకేయకుండా రెండు మూడు మొక్కలు వదిలేయండి. తేనెటీగలకు విందు, మీకు విత్తనం. గింజలు గోధుమ రంగుకు తిరగ్గానే, రాలకముందే గొడుగులు కోసి కాగితం సంచిలో తలకిందులుగా వేలాడదీయాలి. నీడలో బాగా ఆరాక తడి తగలని సీసాలో పోసి మూత బిగిస్తే, మళ్లీ దసరాకు విత్తనం ఇంట్లోనే.