మీకు తెలుసా? తెరచాపే గుడారమైంది!

ట్రెక్కర్లు వీపున మోసుకెళ్లే అతి తేలికైన గుడారాల్లో చాలావాటికి వాడే బట్ట పుట్టింది కొండల కోసం కాదు, సముద్రం మీద పందెపు పడవల తెరచాపల కోసం.

1992లో శాన్‌డియాగో దగ్గర అమెరికాస్ కప్ గెలిచిన పడవ పేరు ‘అమెరికా క్యూబ్డ్’. ఆ పేరు మీదుగానే ఈ బట్టను చాలాకాలం క్యూబెన్ ఫైబర్ అన్నారు. 2015లో తయారీ సంస్థ నెదర్లాండ్స్‌కు చెందిన డీఎస్ఎం చేతికి వెళ్లాక డైనీమా కాంపోజిట్ అయింది.

దీన్ని మగ్గం మీద నేయరు. సన్నటి పాలిథిలీన్ పోగులను రెండు పల్చటి పాలిస్టర్ పొరల మధ్య పరిచి అతికిస్తారు. కూరగాయలు తెచ్చుకునే క్యారీబ్యాగూ పాలిథిలీనే. కాకపోతే ఇక్కడ అణువుల గొలుసులు ఎన్నో రెట్లు పొడవు, బలమంతా అందులోనే ఉంది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే లోపలి పోగులు గళ్లుగళ్లుగా కనిపిస్తాయి.

దీని విలువ వాన కురిసిన రాత్రి తెలుస్తుంది. నైలాన్ గుడారం తడిస్తే బట్ట సాగి, పైకప్పు జారి ముఖం మీదికి వస్తుంది. అర్ధరాత్రి లేచి తాళ్లు బిగించుకోవాలి. ఈ బట్ట నీరు పీల్చదు, వదులవదు. చేతికర్రలనే నిట్రాళ్లుగా నిలబెట్టుకునే ఇద్దరి గుడారం అరకిలో దరిదాపుల్లోనే తూగుతుంది.

ధర మాత్రం బాగా ఎక్కువ. మొనదేలిన రాయి తగిలితే చిల్లు పడుతుంది. పోగులు 150 డిగ్రీల దగ్గరే కరిగిపోతాయి కాబట్టి స్టవ్ గుడారానికి దూరంగానే వెలిగించాలి.