గొలుసు పట్టి మన పొలం మనమే కొలుద్దాం

మీ పొలం ఎంత అని అడిగితే పాస్‌బుక్‌లో ఉన్న అంకె చెప్తారు. నేల మీద అంత ఉందా అంటే చాలామంది దగ్గర జవాబు ఉండదు. గట్టు ఏటా కాస్త జరుగుతుంది, హద్దు రాయి మట్టిలో కూరుకుపోతుంది. చివరికి అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేస్తారు. అందుకే ఒక్క రోజు శిక్షణలో పాత గొలుసు సర్వే నేర్చుకునే పద్ధతిని పై వీడియోలో చూపించాం. ముఖ్యమైన విషయాలు ఇక్కడ రాస్తున్నాం.

గొలుసు లెక్క

ఈ గొలుసును 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లండ్ గణిత పండితుడు తయారుచేశాడు. పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. క్రికెట్ పిచ్ పొడవు కూడా సరిగ్గా ఇంతే. 10 చదరపు గొలుసులు ఒక ఎకరం. అంటే 1,000 చదరపు లింకులు ఒక సెంటు. లింకుల్లో కొలిస్తే వచ్చిన జవాబులో మూడు సున్నాలు తీసేయడమే, సెంట్లు వచ్చేస్తాయి.

తెలంగాణ గుంటకూ దీనికీ చుట్టరికం ఉంది. 33 అడుగులకు 33 అడుగులు ఒక గుంట, అంటే 121 గజాలు. 33 అడుగులంటే అర గొలుసే కదా!

చేతితో చేసి చూడండి

ఇనుప గొలుసు దొరక్కపోతే సాగని తాడు 20.12 మీటర్లు తీసుకోండి. ప్రతి 2.01 మీటర్లకు ఒక రంగు గుడ్డ కట్టండి. ఒక్కో గుడ్డకు 10 లింకులు. కొబ్బరి తాడు, నైలాను తాడు వద్దు, లాగితే సాగుతాయి.

మూలం నుంచి మూలకు జెండా కర్రలు పాతండి. ఒకరు వెనక నిలబడి ఒక కన్ను మూసి చూస్తే అన్ని కర్రలూ ఒకే కర్రలా కనబడాలి. ఆ గీత మీదే గొలుసు నడవాలి. వాలు నేలలో తాడును నేలకు ఆనించకుండా మట్టంగా పట్టుకుని మెట్లు మెట్లుగా దిగాలి. లేకపోతే పొలం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

మధ్య గీత నుంచి ఎదుటి మూలకు లంబం తీయాలి. 12 సమాన భాగాలుగా ముడులు వేసిన తాడును 3, 4, 5 భాగాల త్రిభుజంగా లాగితే మూల మట్టం వచ్చేస్తుంది. గీత 300 లింకులు, లంబం 200 లింకులు అయితే గుణించి సగం చేయండి: 30,000, అంటే 30 సెంట్లు.

గట్టు వంకరగా ఉంటే ప్రతి వంపు దగ్గరా ఒక లంబం తీయాలి. పక్కపక్క లంబాలు 20, 30 లింకులు, మధ్య దూరం 100 అనుకుందాం. ఆ ముక్క రెండున్నర సెంట్లు. వంపే కదా అని వదిలేసే నేల అది!

రెండు జట్లుగా విడిపోయి ఒకే మడిని విడివిడిగా కొలవండి. రెండు జవాబులూ దగ్గరగా వస్తేనే కొలత కుదిరినట్టు. పక్క పొలం రైతునీ పిలవండి. ఇద్దరూ కలిసి పట్టిన గొలుసు మీద అనుమానం ఉండదు.

దీంతో లాభం ఏంటి?

జీవామృతం ఎకరానికి 200 లీటర్లు అంటాం. మీ ఎకరం నిజానికి 86 సెంట్లయితే సరిపోయేది 172 లీటర్లే. దిగుబడి లెక్క కూడా అలాగే తప్పుతుంది.

అంతకంటే పెద్ద లాభం ఇంకొకటి ఉంది. పాత ఎఫ్‌ఎంబీలో గీతల పొడవునా కనబడే చిన్న అంకెలు ఇలాంటి గొలుసు దూరాలు, లంబాలే. ఒకసారి చేతితో కొలిచినవారికి ఆ కాగితం అర్థమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో డ్రోన్లు, రోవర్లతో రీసర్వే మొదలైంది. రోవర్ వచ్చిన రోజు ఊరికే చూస్తూ నిలబడకుండా, తేడా ఉంటే ఎక్కడుందో వేలుపెట్టి చూపించగలగాలి.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మన కొలతతో హద్దు రాయి కదపకూడదు, అది నేరం. తేడా కనబడితే కాగితం మీద రాసుకుని సర్వేయరుకు అర్జీ పెట్టుకోండి.

విత్తనం వేయక ముందు, పొలం ఖాళీగా ఉన్నప్పుడే ఈ పని పెట్టుకోండి. మీ పిల్లల్నీ తీసుకెళ్లండి, రేపు ఆ హద్దులు కాపాడుకోవాల్సింది వాళ్లే.