అన్నవాహికలోని చిన్న సిరలు



మనము మ్రింగిన ముద్ద గొంతునుండి కడుపులోనికి దిగు గొట్టమునకు అన్నవాహిక యని పేరు. దాని పొడవు రమారమి 25 సెంటీమీటర్లు. దాని క్రిందికొసలో, లోపలి పొరకు దాపుగా, సన్నని సిరలు కలవు. ఆరోగ్యవంతులకు వీనివలన ఏ బాధయు లేదు. ఇవి ఎట్లు ఉబ్బునో, ఏల పగులునో ఈ పూట మనవి చేసెదను.

పేగులనుండి వచ్చు రక్తము ఒక పెద్దసిర ద్వారా కాలేయమును చేరును. చిరకాలము సారాయి త్రాగుటవలన గాని, హెపటైటిస్ బి, సి వైరసులవలన గాని కాలేయము గట్టిపడినచో రక్తమునకు దారి ఇరుకగును. పెద్దకాలువకు అడ్డుపడినపుడు నీరేమి చేయును? పిల్లకాలువలమీద పడును. అట్లే రక్తము అన్నవాహిక సిరలలోనికి మరలును. కాలేయమునకు ఇరుప్రక్కల నుండు సిరల ఒత్తిడిలోని భేదము ఆరోగ్యవంతులలో 5 మిల్లీమీటర్ల పాదరసమునకు మించదు. అది 10 చేరినపుడు ఈ సిరలు ఉబ్బవచ్చును. 12 చేరినపిమ్మట పగులునేమో యను భయము కలుగును.

అయితే ఒత్తిడి యొక్కటియే కారణము కాదు. సైకిలు ట్యూబును చూడుడు. టైరు చినిగినచోట ట్యూబు బుడగవలె పైకి వచ్చును. లోపలి గాలి ఒత్తిడి అంతటను ఒక్కటియే. అయినను పగులునది ఆ బుడగయే. ఏలయన, గొట్టము లావైన కొలదియు, గోడ పలుచనైన కొలదియు, గోడమీది బిగువు హెచ్చును. ఈ సూత్రమును ఫ్రెంచి గణితవేత్త లాప్లాసు పేర వ్యవహరింతురు. సిర రెండింతలు లావై, గోడ సగము పలుచనైనచో, ఒత్తిడి పెరుగకున్నను బిగువు నాలుగింతలగును. అన్నవాహిక క్రిందికొస సిరలకు టైరువంటి ఆధారము మిక్కిలి తక్కువ.

ఉబ్బిన సిర నొప్పి పెట్టదు, అదియే ప్రమాదము. నేనెరిగిన పెద్దమనిషి యొకడు, విరేచనము తారువలె నల్లనగుచుండగా, వేడిచేసినదని మజ్జిగ త్రాగుచు మూడుదినములు ఊరకుండెను. నాలవనాడు నెత్తురు కక్కెను. ఆసుపత్రిలో ఎండోస్కోపు గొట్టము దింపి, ఉబ్బిన సిరకు చిన్న రబ్బరు పట్టీ బిగించిరి, అదృష్టవశమున బ్రతికెను.

పగులకమునుపే కనుగొన్నచో, ఒత్తిడి తగ్గించు మాత్రలు కలవు, పట్టీ కలదు. కావున కాలేయము గట్టిపడినదని వైద్యుడు చెప్పినవారు ఈ సిరలనుగూర్చి తప్పక అడుగవలెను. సారాయి మానవలెను. తారువంటి విరేచనమును సిగ్గుపడి దాచక, నాడే ఆసుపత్రికి పోవలెను. ఈ మాట మీ యింటివారికిని చెప్పుడని వేడుకొని సెలవు తీసుకొనుచున్నాను.