కోనసీమలో వీడియో కెమెరా కొంటున్నారా? ఇవి మీకు తెలుసా?

అమలాపురంలో పెళ్లి వీడియోలు తీసే కుర్రాడైనా, అంబాజీపేటలో షార్ట్ ఫిల్మ్ మొదలెట్టిన స్నేహితులైనా, రాజోలు లంకల్లో వంటల ఛానెల్ పెట్టాలనుకునే అక్కయ్యయినా అడిగేది ఒకటే: తక్కువలో మంచి డీఎస్ఎల్ఆర్ ఏది? షాపులో చెప్పే మొదటి మాట మెగాపిక్సెళ్ల సంఖ్య. వీడియోకి వాటితో పని చాలా తక్కువ.

◆ ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఒక్కో ఫ్రేముకి అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. గుణిస్తే 20 లక్షల పైచిలుకు, అంటే రెండు మెగాపిక్సెళ్లే. 4కె అయినా 83 లక్షలు దాటదు. 24 మెగాపిక్సెళ్లని చెప్పి అమ్మే కెమెరాలో మిగతావన్నీ పెళ్లి ఆల్బమ్‌కి పనికొస్తాయి తప్ప వీడియోకి కాదు.

◆ వీడియో తీసిన మొట్టమొదటి డీఎస్ఎల్ఆర్ 2008 ఆగస్టులో వచ్చిన నికాన్ డి90. 720పిలో, ఒక క్లిప్పు ఐదు నిమిషాలకు మించకుండా తీసేది. మరుసటి నెలలోనే ఫుల్ హెచ్‌డీ తీసే 5డి మార్క్ 2ను కెనాన్ ప్రకటించింది. 2010లో అమెరికన్ టీవీ సీరియల్ 'హౌస్' ఆరో సీజన్ చివరి భాగాన్ని దానితోనే తీశారు. మన దగ్గర రామ్ గోపాల్ వర్మ రవితేజ, ఛార్మిలతో 'దొంగల ముఠా'ను కెనాన్ 5డి కెమెరాలతో ఐదు రోజుల్లో చుట్టేసి 2011 మార్చిలో విడుదల చేశారు. ఆ మరుసటి ఏడాది తమిళంలో బాలాజీ శక్తివేల్ 'వళక్కు ఎన్ 18/9' వచ్చింది. అది కెనాన్ 7డితో తీసినది, 5డి కన్నా చిన్న సెన్సారున్న కెమెరా. కాబట్టి సినిమాకి డీఎస్ఎల్ఆర్ సరిపోదేమోనన్న బెంగ అక్కర్లేదు.

◆ మైకు పెట్టుకునే కన్నం లేని కెమెరాలు కొత్తవాటిలోనూ ఉన్నాయని తెలుసా? ఎక్కువ మంది మొదట కొనే కెనాన్ 1500డికి ఆ కన్నం లేదు. 3000డికీ లేదు. నికాన్ ఇంకా చిత్రం: డి3300కి ఉన్న కన్నాన్ని డి3400లో తీసేసింది, డి3500లోనూ తిరిగి పెట్టలేదు. కెనాన్‌లో 200డి, నికాన్‌లో డి5600 దాకా వెళ్తే ఉంటుంది. వీడియో కోసమే కొంటున్నవాళ్లకి నేను చెప్పేది ఒకటే. షాపులో ముందుగా పక్కనున్న రబ్బరు మూత తీసి ఆ 3.5 మిల్లీమీటర్ల కన్నం చూడండి. అది లేకపోతే మిగతా లక్షణాలు చదవడం దండగ.

ఇంతా ఎందుకంటే, బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం చూస్తారు, మాట వినిపించకపోతే మాత్రం కట్టేస్తారు. ఆరుబయట దూరం రెట్టింపైతే మైకుకి చేరే శబ్దశక్తి నాలుగో వంతుకి పడిపోతుంది. కెమెరాలోని మైకు పది అడుగుల దూరంలో ఉంటే, మాట్లాడేవారి గొంతు కన్నా వెనక సన్నాయి మేళమే గట్టిగా పడుతుంది. చొక్కాకి తగిలించే కాలర్ మైకు జానెడు దూరంలో ఉంటుంది. బోయా బీవై-ఎం1 లాంటి చవక కాలర్ మైకుకి 6 మీటర్ల తీగ, చిన్న ఎల్ఆర్44 బ్యాటరీ, ఫోనుకా కెమెరాకా అని ఎంచుకునే మీట ఉంటాయి. ఆ మీట గురించి చాలామంది పట్టించుకోరు. ఫోన్ల మైకుల పిన్నుకి మూడు నల్ల గీతలు, కెమెరాల పిన్నుకి రెండే. ఉత్త ఫోను మైకును కెమెరాకి గుచ్చితే శబ్దం సరిగ్గా పడకపోవచ్చు.

ఇప్పటికే 1500డి కొనేసినవాళ్లకి దారి లేకపోలేదు. కాలర్ మైకుని ఫోనుకి తగిలించి, ఫోను జేబులో పెట్టి రికార్డింగు నొక్కండి. కెమెరా ముందు ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఎడిటింగులో ఆ చప్పుడు దగ్గర రెండింటినీ కలిపితే సరి.

◆ ఇంట్లో తీసిన వీడియోలో లైట్లు మిణుకుమిణుకుమంటే తప్పు కెమెరాది కాకపోవచ్చు. మన కరెంటు 50 హెర్ట్‌జ్. చాలా దీపాలు సెకనుకి వంద సార్లు వెలిగి తగ్గుతుంటాయి. మెనూలో వీడియో సిస్టమ్ పాల్ అని, సెకనుకి 25 ఫ్రేములు, షట్టరు 1/50 అని పెడితే సాధారణంగా ఆ మిణుకు పోతుంది. కెమెరా ఎన్‌టీఎస్‌సీలో ఉండిపోతే 30 ఫ్రేములు, 1/60 వచ్చి దీపాలతో పొత్తు కుదరదు. కల్యాణమండపాల సీరియల్ బల్బులు, చవక ఎల్ఈడీలు మాత్రం చాలాసార్లు దీనికి లొంగవు. వాటిని ముందురోజే వెళ్లి తీసి చూసుకోవాలి.

◆ అంతర్వేది ఒడ్డున మిట్టమధ్యాహ్నం లెక్క చూడండి. ఎర్రటి ఎండలో ఐఎస్ఓ 100, ఎఫ్ 16 దగ్గర షట్టరు దాదాపు 1/100 ఉండాలన్నది ఫిల్ము కాలం నాటి సూత్రం. వెనక కొబ్బరితోట మసకబారాలని ఎఫ్ 4 పెడితే షట్టరు 1/1600కి చేరుతుంది. అంత వేగంలో తీసిన నడక తునకలు తునకలుగా, కుదుపుగా కనిపిస్తుంది. కదలిక సహజంగా ఉండాలంటే 1/50 కావాలి. తేడా ఐదు స్టాపులు, అంటే వెలుతురు ఐదుసార్లు రెట్టింపైనట్టు. ఆ అదనపు వెలుతురుని ఆపేది ఎన్‌డీ ఫిల్టరు, ఐదు స్టాపులకి ఎన్‌డీ32. తిప్పితే ముదురయ్యే వేరియబుల్ ఎన్‌డీ ఒకటి కొంటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గడిచిపోతుంది. అయితే చవకరకాన్ని చివరిదాకా తిప్పకండి, బొమ్మ మీద ఇంటూ గుర్తులా నల్లటి నీడ పడుతుంది. 18-55 కిట్ లెన్సుకీ, 55-250 ఎస్‌టీఎంకీ కెనాన్‌లో ముందు చుట్టు వ్యాసం 58 మిల్లీమీటర్లే. 50 ఎఫ్ 1.8 ఎస్‌టీఎంకి 49. కనుక 58 సైజు ఫిల్టరు ఒకటీ, 49 నుంచి 58కి మార్చే ఇత్తడి లేదా అల్యూమినియం రింగు ఒకటీ చాలు, లెన్సుకొక ఫిల్టరు కొనక్కర్లేదు.

◆ ఆ 50 ఎఫ్ 1.8 లెన్సు సామాన్యుడి ఆస్తి. 1500డి, 200డి లాంటి కెమెరాల చిన్న సెన్సారు మీద అది 80 మిల్లీమీటర్ల లెన్సులా పనిచేస్తుంది. పెళ్లికూతురి ముఖానికి బాగుంటుంది గానీ, ఇరుకు గదిలో గోడకి వీపు ఆనించినా మనుషులంతా ఫ్రేములో పట్టరు.

◆ కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో కౌశిక నదిని దాటి ఎదురుగా వచ్చే ప్రభను తీయడం ఆటోఫోకస్‌కి అసలైన పరీక్ష. 2023 గణతంత్ర దినోత్సవ పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఢిల్లీ చూసింది ఆ తీర్థాన్నే. 1500డి లాంటివి వీడియోలో ఫోకస్ కోసం ముందుకీ వెనక్కీ వెతుక్కుంటాయి, ఈలోగా ప్రభ మీదకి వచ్చేస్తుంది. ఆ తడబాటు తగ్గించిన డ్యుయల్ పిక్సెల్ ఆటోఫోకస్ తొలిసారి వచ్చింది 2013లో, కెనాన్ 70డిలో. తర్వాత 200డికీ దక్కింది. 200డి మార్క్ 2లో 4కె ఉంది కదా అని మురిసిపోకండి. 4కె పెట్టగానే డ్యుయల్ పిక్సెల్ పనిచేయదు, చుట్టూ అంచులు కూడా కత్తిరించుకుపోతాయి. అందులో ఫుల్ హెచ్‌డీయే నయం. ఇక తీర్థం జనంలో మూడు కాళ్ల స్టాండుకి చోటుండదు, ఒంటికాలి మోనోపాడ్ తీసుకెళ్లండి.

◆ కారులోంచి తీస్తే కొబ్బరిచెట్లు ఒక పక్కకి వాలిపోతాయి. సెన్సారు బొమ్మనంతా ఒక్కసారి కాకుండా పైనుంచి కిందికి వరసవరసగా చదవడమే కారణం. దీన్ని సరిచేసే సామాను దొరకదు, బండి నిదానంగా నడపమనాలి.

◆ బండారులంక చేనేత చీరల సన్న గళ్ల మీద వీడియోలో రంగుల అలలు లేచాయా? అది మోయిరే. పాత డీఎస్ఎల్ఆర్‌లు వీడియోకి కొన్ని వరసలు వదిలేసి చదవడం వల్ల వస్తుంది. పెంకుటిళ్ల కప్పుల మీదా ఇంతే. కాస్త దగ్గరికో దూరానికో జరిగితే చాలాసార్లు పోతుంది.

◆ చాలా కెమెరాలు 29 నిమిషాల 59 సెకన్లకి ఆగిపోవడం పన్ను లెక్క. అరగంట దాటి తీసేదాన్ని యూరప్ వీడియో కెమెరాగా లెక్కగట్టి ఎక్కువ సుంకం వేసేది. తలంబ్రాల వేళ ఆగకుండా ఉండాలంటే జీలకర్రబెల్లానికి ముందే ఓసారి ఆపి మళ్లీ నొక్కుకోండి.

◆ సెకండ్ హ్యాండ్ బాడీకి "షట్టర్ కౌంట్ తక్కువండీ" అంటే నమ్మేయకూడదు. అది తీసిన ఫోటోల లెక్క; వీడియో తీసినంతసేపూ లోపలి అద్దం పైకే ఉంటుంది. గంట వీడియో తీసినా ఆ లెక్క పెద్దగా పెరగదు. లెన్సుకి మూత పెట్టి, ఐఎస్ఓ పెంచి, ఒక నిమిషం వీడియో తీసి చూడండి. ఎరుపో తెలుపో చుక్కలు కదలకుండా మెరుస్తుంటే సెన్సారులో లోపమున్న పిక్సెళ్లున్నట్టు. మైకు పిన్ను గుచ్చి కొంచెం కదిలించి, రికార్డయినది విని, అప్పుడు బేరమాడండి.

◆ గోదావరి పాయలు, కాలువలు, సముద్రం చుట్టూ ఉన్నచోట లెన్సుకి అసలు శత్రువు బూజు. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు అద్దాల మధ్య పెరుగుతుంది, తోలు సంచి ఆ తేమను ఇంకా పట్టి ఉంచుతుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్ పొట్లాలు, చిన్న తేమ మీటరు చాలు. ముల్లు 40, 50 శాతం మధ్య ఉంటే క్షేమం. కొందరు బియ్యం డబ్బాలో పెడతారు, ఆ పిండి దుమ్ము లెన్సు రింగుల్లోకి దూరుతుంది. దిండిలో ఏసీ గదిలోంచి నది ఒడ్డుకి వచ్చేటప్పుడు కెమెరాని సంచిలోనే అరగంట ఉంచి తీయండి, అద్దం మీద ఆవిరి పట్టదు.

◆ కెనాన్, నికాన్ ఇప్పుడు మిర్రర్‌లెస్ మీదే దృష్టి పెట్టాయి. పాత డీఎస్ఎల్ఆర్‌లు చవగ్గా దొరకడానికి అదో కారణం. కెనాన్ ఈఎఫ్, ఈఎఫ్-ఎస్ లెన్సులు కొన్నవాళ్లు రేపు ఆర్ తరహా మిర్రర్‌లెస్‌కి మారినా, 2018లో వచ్చిన అడాప్టరుతో అవే లెన్సులు తగిలించుకోవచ్చు. అందుకే చేతిలో ఉన్న డబ్బులో సగం మించకుండా పాత 200డి బాడీకి పెట్టి, మిగతాది 50 లెన్సు, కాలర్ మైకు, స్టాండు, ఎన్‌డీ, రెండో బ్యాటరీ, వీ30 కార్డులకి ఉంచమంటాను.