కర్మకు విభక్తి యెప్పుడు?

ప్రతికర్మకును 'ని, ను' లుండవలెనని బాలురకు బోధించుట యర్ధసత్యము. 2008 నుండి విమానాశ్రయమునకు నెలవైన శంషాబాదులోఁ దెలుఁగువారు 'నీళ్లు తే', 'పిలగాన్ని పిలువు' అందురు. అచటి దక్కనీ ఉర్దూలోను 'పానీ లా', 'బచ్చేకో బులా' యనియే వాడుక. భాషాకుటుంబములు వేఱైనను రెండింటను మనుష్యవాచకమే ప్రాయికముగాఁ బ్రత్యయమును గోరుచున్నది. జడవాచకమునకు ద్వితీయార్థమునఁ బ్రథమారూపమును చిన్నయసూరి బాలవ్యాకరణమున (1858) బహుళముగా నంగీకరించెను. 'నీళ్లు తే' యనుదానిని దిద్దు పండితుఁడు సూరినే దిద్దుచున్నాఁడు.

ఫిన్నిషు భాషలో నీ భేదము కర్మయొక్క ప్రాణమునుబట్టి గాక క్రియాసమాప్తినిబట్టి యేర్పడును. 'లుయిన్ కిర్యన్' అనఁగాఁ బుస్తకమును ముగియఁ జదివితిని. 'లుయిన్ కిర్యా' అనఁగాఁ జదువుచుంటిని. దాని సోదరియగు ఎస్తోనియనులో 'రామతు, రామతుత్' అను రూపభేద మున్నను, సమాప్తిని స్పష్టపఱుపఁ దఱచుగా 'ల్యాబి' యను నవ్యయమును జేర్తురు: 'లుగెసిన్ రామతు ల్యాబి'. మన 'చదివివేసితిని' లోని 'వేయు' ధాతువు చేయుపని యించుమించుగా నదియే.